పందొమ్మిది సంతకాల మహజరు

విజ్ఞాన సంఘాల కథ – ఏడో భాగం

లండన్‌లోని పికడిల్లీ వీధిలో బర్లింగ్టన్ హౌస్ అనే పెద్ద భవన సముదాయం ఉంది. ఎడ్వర్డ్ రాజు పాలించిన 1901 నుంచి 1910 దాకా బ్రిటిష్ విజ్ఞానశాస్త్రం ఆ ప్రాంగణంలోనే కొలువు తీరేది. రాయల్ సొసైటీ, లిన్నియన్ సొసైటీ, జియొలాజికల్ సొసైటీ, రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ, కెమికల్ సొసైటీ అన్నీ అక్కడివే. ఒకే ఆవరణలో ఉన్నా ఎవరి చార్టర్ వారిది, ఎవరి నియమావళి వారిది. ఆ తేడా వల్ల ఏమేం జరిగిందో గత భాగంలో కొంత చూశాం. లిన్నియన్ సొసైటీ రాజు దగ్గర అనుబంధ చార్టర్ తెచ్చుకుని, 1904 నవంబర్ 17న పదిహేను మంది స్త్రీలను ఫెలోలుగా ఎన్నుకుంది. అందుకోసం అందరికన్నా ముందు నుంచీ పోరాడిన మేరియన్ ఫర్కర్సన్‌ను మాత్రం ఆ రోజు ఓటింగ్‌లో పక్కన పెట్టింది. ఆమెను 1908 దాకా లోపలికి రానివ్వలేదు.

అదే 1904లో, అదే ప్రాంగణంలో, కెమికల్ సొసైటీకి ఒక మహజరు అందింది. దాని మీద పందొమ్మిది మంది స్త్రీల సంతకాలున్నాయి. ఆ మహజరుకు న్యాయం జరగడానికి పదహారేళ్ళు పట్టింది. ఈ భాగమంతా ఆ పదహారేళ్ళ కథే.

కథలోకి వెళ్ళేముందు ఆ సంఘం ఎలా నడిచేదో తెలుసుకోవాలి. అది తెలియకపోతే, ఇంతమంది పెద్దవాళ్ళు సరేనన్న తర్వాత కూడా ఎందుకు జరగలేదన్న ప్రశ్నకు జవాబు దొరకదు. కెమికల్ సొసైటీ 1841లో పుట్టింది. 1848లో రాయల్ చార్టర్ పొందింది. 1900ల నాటికి దానికి రెండున్నర వేలకు పైగా ఫెలోలు. వారిలో లండన్‌లో ఉండేవారున్నారు, గ్లాస్గో, మాంచెస్టర్ నగరాల్లో ఉండేవారున్నారు, సముద్రాలు దాటి వలస దేశాల్లో ఉద్యోగాలు చేసుకునేవారూ ఉన్నారు. అధ్యక్షుడి పదవీకాలం సాధారణంగా రెండేళ్ళు. ఆయనతోపాటు ఉపాధ్యక్షులు, కోశాధికారి, కార్యదర్శులు, మామూలు సభ్యులు కలిసి కార్యవర్గం. ఉపాధ్యక్షుల్లో రెండు రకాలు. ఎన్నికై వచ్చి కాలం తీరగానే దిగిపోయేవారు ఒక రకం. ఒకప్పుడు అధ్యక్షులుగా పనిచేసి, ఆ హోదాతో కార్యవర్గంలోనే ఉండిపోయేవారు రెండో రకం. ఈ రెండో రకాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. అధ్యక్ష పదవి దిగిపోయి పదిహేనేళ్ళయినా కార్యవర్గంలో కుర్చీ అలాగే ఉండేది.

నియమావళి మార్చాలంటే దారి ఒక్కటే. కార్యవర్గం ప్రతిపాదించాలి, ప్రత్యేక సర్వసభ్య సమావేశం ఆమోదించాలి. ఆ సమావేశం లండన్‌లో జరిగేది. ఎక్కడో అబర్డీన్‌లో ఉన్న ఫెలో సాయంత్రం సభ కోసం రైలెక్కి రాడు. కాబట్టి వేలమంది సంఘానికి నియమాలు రాసేది ఆ సాయంత్రం ఆ గదిలో కూర్చున్న కొద్దిమంది. దూరాన ఉన్నవారి అభిప్రాయానికి అక్కడ చోటు లేదు. సంఘాన్ని స్థాపించిన పెద్దల్లో ఈ లోపాన్ని కావాలని పెట్టినవారెవరూ లేరు. రాకపోకలు కష్టమైన కాలంలో కుదిరిన ఏర్పాటది. అయినా, ఉన్న పద్ధతిని మార్చకుండా ఉంచాలనుకునేవారికి అంతకన్నా గట్టి కోట దొరకదు.

స్త్రీల ప్రవేశం కెమికల్ సొసైటీకి కొత్త ప్రశ్న కాదు. 1880లో ఒకసారి, 1888లో ఒకసారి, 1892లో మరోసారి లేచి అణిగిపోయింది. ఈలోగా స్త్రీలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. లండన్ విశ్వవిద్యాలయం 1878లోనే వారికి డిగ్రీలకు దారి తెరిచింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో చదివి పరీక్షలు నెగ్గినా డిగ్రీ కాగితం మాత్రం ఇచ్చేవారు కాదు. ఆక్స్‌ఫర్డ్ 1920లో, కేంబ్రిడ్జ్ 1948లో గానీ దిగిరాలేదు. అందుకే 1904 నుంచి 1907 దాకా ఆ రెండు చోట్లా చదివిన దాదాపు ఏడు వందల మంది స్త్రీలు ఓడెక్కి డబ్లిన్‌కి వెళ్ళి, అక్కడి ట్రినిటీ కాలేజీ నుంచి డిగ్రీలు తెచ్చుకున్నారు. చదువు ఒకచోట, పట్టా మరో దేశంలో. ఇన్ని అడ్డంకుల మధ్య వారు చేసిన పరిశోధనలను కెమికల్ సొసైటీ తన పత్రికలో అచ్చువేసింది. వ్యాసం తీసుకోవడానికి సంఘానికి అభ్యంతరం లేదు. రాసినామె పేరు ఫెలోల జాబితాలో రాసుకోవడానికే అభ్యంతరం.

1904లో సంఘం మేరీ క్యూరీని విదేశీ సభ్యురాలిగా ఎన్నుకుంది. అంతకు ముందు ఏడాదే ఆమెకు నోబెల్ వచ్చింది. విదేశీ సభ్యత్వం గౌరవం మాత్రమే, సంఘం పాలనలో దానికి పాత్ర లేదు. అయినా ఒక స్త్రీ పేరు సంఘం పుస్తకాల్లోకి ఎక్కింది. పారిస్ స్త్రీకి దక్కిన గౌరవం లండన్ స్త్రీకి ఎందుకు దక్కకూడదని అడగడానికి అదే అదును. అక్టోబర్‌లో మహజరు తయారైంది. ముందుండి నడిపినవారు ముగ్గురు: ఐడా ఫ్రాయిండ్, ఐడా స్మెడ్లీ, మార్తా వైట్లీ.

ఫ్రాయిండ్ ఆస్ట్రియాలో పుట్టారు. చిన్నతనంలో సైకిల్ ప్రమాదంలో ఒక కాలు పోయింది. అయినా కేంబ్రిడ్జ్‌లోని న్యూనమ్ కాలేజీలో తరతరాల అమ్మాయిలకు రసాయన శాస్త్రం నేర్పారు. పరీక్షల ముందు విద్యార్థినుల బెరుకు పోగొట్టడానికి మూలకాల ఆవర్తన పట్టికను కేకులతో పేర్చి పెట్టిన ఉపాధ్యాయురాలు ఆమె. రసాయన సంఘటనం మీద ఆమె రాసిన పెద్ద గ్రంథం సరిగ్గా ఆ 1904లోనే వెలువడింది. స్మెడ్లీ అప్పటికి ఇరవై ఏడేళ్ళ పరిశోధకురాలు. వైట్లీ రాయల్ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లో పనిచేస్తున్నారు. అక్కడి ప్రొఫెసర్ విలియమ్ టిల్డెన్‌దే అప్పట్లో కెమికల్ సొసైటీ అధ్యక్ష పీఠం.

మిగతా సంతకాల్లో ఇద్దరి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఈడిత్ హంఫ్రీ జ్యూరిక్‌లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ దగ్గర పరిశోధించి 1901లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. ఆమె తయారుచేసిన కోబాల్ట్ సమ్మేళనాల స్ఫటికాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. రెండో ఆమె లూసీ బూల్. బూలియన్ తర్కానికి పేరిచ్చిన జార్జ్ బూల్ కూతురు. తల్లి మేరీ ఎవరెస్ట్ బూల్, సర్వేయర్ జార్జ్ ఎవరెస్ట్‌కు సోదరుడి కూతురు. ఆ ఎవరెస్ట్ 1818లో హైదరాబాద్ వచ్చి సర్వే పనిలో చేరినవాడే. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు వేస్తూ జ్వరాన పడి, కోలుకోవడానికి 1820లో దక్షిణాఫ్రికా వెళ్ళినవాడే. లూసీకి విశ్వవిద్యాలయ చదువు లేదు. ఫార్మసీ స్కూల్లో నేర్చుకుని, స్త్రీల వైద్య కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పారు. వేరే సంస్థ అయిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమిస్ట్రీ 1894లోనే ఆమెను ఫెలోగా తీసుకుంది. కెమికల్ సొసైటీ మహజరు మీద సంతకం పెట్టిన కొద్ది వారాలకే, 1904 డిసెంబర్‌లో ఆమె కన్నుమూశారు. అప్పటికి సంఘం ఏ నిర్ణయమూ తీసుకోలేదు.

మహజరులో ఆవేశం లేదు, లెక్క ఉంది. గడచిన ముప్పై ఏళ్ళలో సంఘం ప్రచురణల్లో దాదాపు 150 మంది స్త్రీల పేర్లు కనిపిస్తున్నాయని, వారు ఒంటరిగానో మరొకరితో కలిసో రాసిన పరిశోధన వ్యాసాలు 300 దాకా ఉన్నాయని అందులో చూపించారు. సంఘం తన అలమారాలో తానే దాచుకున్న సాక్ష్యం అది. కాదనడానికి వీల్లేని వాదన.

టిల్డెన్, ఆయనకు ముందు అధ్యక్షుడిగా చేసిన ఎడ్వర్డ్ థోర్ప్, విలియమ్ రామ్సే స్త్రీల పక్షాన నిలిచారు. రామ్సే మనకూ తెలిసినవారే. 1900లో టాటా కోరిన విజ్ఞాన సంస్థ కోసం భారతదేశమంతా తిరిగి, బెంగళూరు తగిన చోటని సిఫారసు చేశారు. 1904లోనే ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇంతటివారు అండగా ఉన్నా పని జరగలేదు. విషయం సర్వసభ్య సమావేశానికి వెళ్ళింది. వేలల్లో ఉన్న ఫెలోల్లో ఆ గదికి వచ్చినవారు కొద్దిమందే. ప్రతిపాదన అక్కడే వీగిపోయింది.

ఇక్కడ ఆవరణ దాటి పక్క ద్వారంలోకి తొంగి చూడాలి. రాయల్ సొసైటీలో 1902లో హెర్తా ఎయిర్టన్ పేరు ఫెలోషిప్‌కు ప్రతిపాదించారు. జాన్ పెర్రీ వంటి ఫెలోలు ఆమె ప్రతిపాదన పత్రం మీద సంతకాలు చేశారు. ఎలక్ట్రిక్ ఆర్క్ దీపం బుసకొట్టినట్టు ఎందుకు చప్పుడు చేస్తుందో కనిపెట్టిన శాస్త్రవేత్త ఆమె. ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంస్థ 1899లోనే ఆమెను సభ్యురాలిగా చేర్చుకుంది. రాయల్ సొసైటీ ఆమె అర్హతను తూచలేదు, లాయర్లను అడిగింది. ఆనాటి ఇంగ్లిష్ సంప్రదాయ చట్టం ప్రకారం పెళ్ళయిన స్త్రీకి భర్త నుంచి విడిగా వ్యక్తిత్వం లేదు కనుక, చార్టర్ కింద ఆమెను ఎన్నుకోకూడదని లాయర్లు చెప్పారు. సంఘం అంతటితో ఫైలు మూసేసింది. 1904 జూన్ 16న ఆమె అదే రాయల్ సొసైటీలో ఇసుక మీద అలల గీతలు ఎలా ఏర్పడతాయన్న తన వ్యాసాన్ని స్వయంగా చదివారు. అక్కడ తన పరిశోధన తానే చదివిన మొదటి స్త్రీ ఆమె. 1906లో ఆమెకు హ్యూస్ పతకం కూడా ఇచ్చారు. పతకం ఇవ్వొచ్చు, వ్యాసం చదివించుకోవచ్చు, సభ్యత్వం మాత్రం ఇవ్వకూడదు! రాయల్ సొసైటీకి స్త్రీ ఫెలోలు వచ్చింది 1945లో. అప్పటికి ఎయిర్టన్ చనిపోయి ఇరవై రెండేళ్ళు.

లాయర్లు చెప్పిన ఆ అభిప్రాయం బర్లింగ్టన్ హౌస్‌లోని అన్ని సంఘాల వ్యతిరేకులకూ ఆయుధమైంది. శాస్త్రం మీద చర్చ పెడితే స్త్రీలే గెలుస్తారు. చార్టర్ మీద పెడితే ఎవరూ ఓడక్కర్లేదు, ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. ‘మాకు అభ్యంతరం లేదు, నిబంధన ఒప్పుకోదు’ అంటే చాలు. సంఘాల చరిత్ర చదివినకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఇది: మనసులోని మాట బయట పెట్టలేనప్పుడు పెద్దమనుషులు ముందుగా తెరిచేది నియమావళినే.

మనసులోని మాట దాచుకోని వ్యతిరేకి ఒకరున్నారు. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్. 1893 నుంచి 1895 దాకా కెమికల్ సొసైటీ అధ్యక్షుడు. ఆయన్ని చిన్నబుచ్చి రాయడం సులువే గానీ అది న్యాయం కాదు. పాఠం వల్లె వేయించకుండా పిల్లల చేత ప్రయోగం చేయించి, వారే కనుక్కునేలా బోధించాలన్న పద్ధతి కోసం జీవితాంతం వాదించిన గొప్ప ఉపాధ్యాయుడాయన. అంతటి మనిషి స్త్రీల విషయంలో మాత్రం మొండివాడు. ప్రతిభ వంశపారంపర్యంగా వచ్చేదయితే, రసాయన శాస్త్రంలో తెలివి చూపిన స్త్రీలను ప్రయోగశాలకు దూరంగా ఉంచాలని, రేపటి రసాయన శాస్త్రవేత్తలకు తల్లులు కావడమే వారి పని అని ఆయన సిద్ధాంతం. ఎవరో దారిన పోయేవాడి మాటయితే పట్టించుకోనక్కర్లేదు. మాజీ అధ్యక్షుడి హోదాలో ఆయనకు కార్యవర్గంలో స్థానం ఉంది. పైన గుర్తుంచుకోమన్న కుర్చీ ఇదే.

1907లో రామ్సే అధ్యక్షుడయ్యారు. 1908 చివర్లో మళ్ళీ మహజరు వచ్చింది. ఈసారి సంతకాలు పెట్టినవారు పురుషులు, 312 మంది ఫెలోలు. వారిలో మాజీ అధ్యక్షులు పదిమంది, ప్రొఫెసర్లు ముప్పైకి పైగా. టిల్డెన్ దీనికి పెద్దదిక్కు. నేచర్ పత్రిక స్త్రీల పక్షాన రాసింది. వీధుల్లో స్త్రీల ఓటు హక్కు ఉద్యమం ఉధృతంగా సాగుతున్న కాలమది. పార్లమెంటు ముందు ఊరేగింపులు, అరెస్టులు. బయటి కేకలు వినబడుతున్నకొద్దీ లోపల కొందరు తలుపులు మరింత బిగించుకున్నారు. ప్రయోగశాలలో తూనికలు వేసుకునే స్త్రీ అడిగే సభ్యత్వానికీ, పార్లమెంటు ముందు ఊరేగే స్త్రీ అడిగే ఓటుకూ తేడా లేదన్నట్టు చూశారు. నిజానికి ఆ రెంటికీ మూలంలో తేడా లేదు కూడా. పాలనలో వాటా ఇవ్వాలా వద్దా అన్నదే రెండుచోట్లా ప్రశ్న.

కార్యవర్గం ఈసారి సభ్యులందరికీ ఉత్తరాలు రాసి అభిప్రాయం అడిగింది. అప్పటికి ఫెలోలు సుమారు 2,900 మంది. జవాబిచ్చినవారు 1,758. స్త్రీలను చేర్చుకోవాలన్నవారు 1,094, వద్దన్నవారు 642. ఎటో ఒకవైపు చెప్పినవారిలో నూటికి 63 మంది సరేనన్నారు. లండన్ గదికి రాలేని ఊళ్ళవాళ్ళ మాట మొదటిసారిగా వినిపించింది. ఆ మాట స్పష్టంగానే ఉంది.

అయితే తపాలా ఓటు అభిప్రాయం మాత్రమే. నియమావళిని మార్చే శక్తి దానికి లేదు. ఆ శక్తి మళ్ళీ కార్యవర్గానికీ, ఆ గదిలోని సమావేశానికీ ఉంది. వ్యతిరేకులు సంఖ్యలో తక్కువే గానీ పట్టుదలలో తక్కువ కాదు. చార్టర్‌కు అర్థమేమిటన్న లాయర్ల చర్చ ఉండనే ఉంది. కార్యవర్గం పోరాటానికి దిగకుండా రాజీకి దిగింది. స్త్రీలను ఫెలోలుగా కాకుండా ‘చందాదారులు’గా చేర్చుకుంటామంది. చందా కట్టాలి. సైన్సు సభలకు రావచ్చు, గ్రంథాలయం వాడుకోవచ్చు, పత్రిక తెప్పించుకోవచ్చు. ఓటు లేదు, పదవి లేదు, పేరు చివర ఫెలో అని రాసుకునే హక్కు లేదు. ఆ రోజుల్లో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవారికి ఆ అక్షరాల విలువ ఎంతో ఉండేది. చందాదారులుగా చేరడానికి వచ్చిన స్త్రీలు బహు కొద్దిమంది. మిగతావారు రాలేదు. రాకపోవడమే సబబని నా నమ్మకం. 1,094 మంది ఇచ్చిన మాటను సగం చేసి ఇస్తే తీసుకోవడానికి అది దానం కాదు.

1910లో ఎడ్వర్డ్ రాజు చనిపోయారు. కెమికల్ సొసైటీ నియమావళి ఉన్నచోటే ఉంది. స్త్రీలు మాత్రం ఆగలేదు. 1911లో జీవరసాయన శాస్త్రవేత్తలు వేరే సంఘం పెట్టుకుని, మొదట పురుషులకే పరిమితం చేసినా, 1913లో నియమం మార్చి ముగ్గురు స్త్రీలను చేర్చుకున్నారు. వారిలో ఐడా స్మెడ్లీ ఒకరు. కొత్త సంఘం రెండేళ్ళలో చేసిన పని పాత సంఘం ముప్పై ఏళ్ళుగా చేయలేకపోయింది.

తర్వాత ప్రపంచ యుద్ధం. పురుషులు యుద్ధభూమికి పోయారు, ప్రయోగశాలలు స్త్రీల చేతికొచ్చాయి. మార్తా వైట్లీ ఇంపీరియల్ కాలేజీలో విషవాయువులను, నిప్పంటించే మిశ్రమాలను పరీక్షించారు. మస్టర్డ్ గ్యాస్ నమూనాను తన చేతి మీదే రాసుకుని చూసి, ఆ పుండుతో చాలా కాలం బాధపడ్డారు. దేశం కోసం చర్మం కాల్చుకున్న ఆమెకు కెమికల్ సొసైటీలో ఓటు లేదు.

ఆ తలుపు చివరికి లోపలి నుంచి తెరుచుకోలేదు. 1919 డిసెంబర్‌లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. స్త్రీ అయినందుకు గానీ, పెళ్ళయినందుకు గానీ ఎవరినీ పదవులకు, వృత్తులకు, సంఘాలకు అనర్హులని చెప్పకూడదంది. రాయల్ చార్టర్ ఉన్న సంఘాలను కూడా పేరుపెట్టి కలిపింది. ఎయిర్టన్‌ను ఆపిన లాయర్ల వాదనకు అక్కడితో కాళ్ళు విరిగాయి. 1920లో కెమికల్ సొసైటీ నియమావళి మార్చుకుంది. ఆ ఏడు డిసెంబర్‌లో ఇరవై ఒక్క మంది స్త్రీలు మొదటి జట్టుగా ఫెలోలయ్యారు. అందరికన్నా ముందు చేరిన పేరు ఐడా స్మెడ్లీది. అప్పటికి ఆమె పెళ్ళయి ఐడా స్మెడ్లీ మక్లీన్.

ఐడా ఫ్రాయిండ్ 1914లోనే చనిపోయారు. రామ్సే 1916లో పోయారు. ఆర్మ్‌స్ట్రాంగ్ 1937 దాకా ఉన్నారు. 1928లో మార్తా వైట్లీ కార్యవర్గ సభ్యురాలిగా ఎన్నికైనప్పుడు కూడా ఆయన బతికే ఉన్నారు.

కెమికల్ సొసైటీకి సమర్థులైన శాస్త్రవేత్తల కొరత ఎన్నడూ లేదు, మంచి మనసున్న అధ్యక్షుల కొరతా లేదు. జవాబిచ్చిన సభ్యుల్లో మెజారిటీ 1909 నాటికే న్యాయం వైపు ఉంది. ఆ మెజారిటీని నియమంగా మార్చే ధైర్యం కార్యవర్గానికి లేకపోయింది. పదకొండేళ్ళ ఆలస్యానికి నేను బాధ్యత వేసేది ఆర్మ్‌స్ట్రాంగ్ మీద కాదు, తమ పక్షాన 1,094 ఓట్లు ఉండి కూడా రాజీ పడినవారి మీద.

వచ్చే భాగంలో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ. అక్కడ 1893లో స్త్రీల ప్రవేశాన్ని కాదన్న యువ నాయకుడే 1913లో అధ్యక్షుడిగా వారిని ఆహ్వానించాడు. మధ్యలో మన దేశానికి వైస్రాయిగా వచ్చి, బెంగాల్‌ను రెండు ముక్కలు చేసి, తెలుగునాట కూడా వందేమాతరం నినాదాలకు కారణమైన కర్జనే ఆయన.